ఏటి అడుగున ప్లాస్టిక్ రేణువులు

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతులకు నది అడుగు స్థిరమైనది కాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఒక సంవత్సరపు వరద పొలముపై ఒండ్రు పరచిపోవును. మరొక సంవత్సరపు వరద అదే పొలమును చెక్కలు చెక్కలుగా కోసికొని పోవును. నీరు అదే, నది అదే. వేగము తగ్గిన చోట మేట, హెచ్చిన చోట కోత. ఇది అనాదిగా జరుగుచున్న పని. అయితే గడచిన 60, 70 సంవత్సరములుగా ఆ ఇసుకలోను, ఒండ్రులోను పూర్వము లేని పదార్థమొకటి చేరుచున్నది. అది ప్లాస్టిక్. సంచులుగా, సీసాలుగా కంటికి కనబడునది కొంత. చిరిగి, చితికి, ఇసుక రేణువంతై కంటికి ఆననిది కొంత. ఈ రెండవ రకము ఏటి అడుగున చేరినప్పుడు ఇసుక, మట్టి కోసుకొనిపోవు తీరు ఎట్లు మారునో, దానికి మన కాలువలతోను, చెరువులతోను, పొలములతోను గల సంబంధమేమో ఈ వ్యాసములో వివరించుచున్నాను.

5 మిల్లీమీటర్ల కంటె చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్ అని వ్యవహరించుచున్నారు. అనగా పెసరగింజ మొదలుకొని కంటికి కనబడని నలుసు వరకు అన్నియు ఇందులో చేరును. 2004లో ఇంగ్లాండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు సముద్రతీరపు ఇసుకలో ఇట్టి నలుసులను చూపిన తరువాత ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. ఇవి వచ్చు దారులు అనేకము. పాలియెస్టరు బట్టలు ఉతికిన నీటిలోని పోగులు, మోటారు బండ్ల టైర్ల అరుగుదల, ఎండకు పెళుసెక్కిన సంచులు, చినిగిన వలలు, రంగుల పెచ్చులు, పొలములో మిగిలిన మల్చింగు షీటు ముక్కలు మున్నగునవన్నియు వాననీటితో కాలువకు, కాలువనుండి ఏటికి చేరును.

ఏటి అడుగు తన పట్టును ఎట్లు నిలుపుకొనును?

ప్లాస్టిక్ చేయు పని తెలియవలెనన్న ముందుగా అది లేనప్పుడు ఇసుక ఎట్లు నిలుచునో తెలిసికొనవలెను. చిన్న రేణువు ముందు కదలును, పెద్ద రేణువు తరువాత కదలును అని మనకు తోచును. అది సగమే నిజము. ఇసుక నేలలో బోదె తవ్వి నీరు వదలినచో ఆ పూటనే గట్లు కోసుకొనును. రేగడి నేలలో అంతే నీరు పారించినను గట్టు నిలుచును. రేగడి రేణువు ఇసుక రేణువు కంటె ఎన్నో రెట్లు చిన్నది. అయినను అది ముందుగా కదలదు, ఏలయనగా ఒక రేణువు మరొక రేణువును అంటిపెట్టుకొని ఉండును. కంకర బరువు వలన నిలుచును, బంకమట్టి అంటు వలన నిలుచును. బరువుగాని అంటుగాని తగినంత లేని సన్న ఇసుక అన్నిటికంటె ముందు లేచిపోవును. స్వీడను దేశస్థుడైన యూల్‌స్ట్రోమ్ అను శాస్త్రజ్ఞుడు 1935లో తన దేశపు నదిని పరిశీలించి ఈ సంగతిని ఒక గీతపటములో చూపెను. నేటికిని నదుల శాస్త్రము చదువువారు దానిని మొదటనే నేర్చుకొందురు.

బరువు, అంటు అను ఈ రెండింటికి తోడు మరి రెండు పట్లు కలవు. పెద్ద రాళ్ల నడుమ దాగిన చిన్న రేణువునకు నీటి దెబ్బ తగులదు. పెద్దది కదలిన గాని చిన్నది కదలదు. ఇది చాటు. ఇక రేవు మెట్లపై కాలు జారునట్లు చేయు పాకుడు మీకు తెలియును గదా. నీరు నెమ్మదిగా పారు చోట నాచు, సూక్ష్మజీవులు విడుచు ఆ జిగురే అడుగున ఇసుకపై పలుచని పొరగా ఏర్పడి రేణువులను కట్టి ఉంచును. కంటికి కనబడని ఈ జిగురుపొర చిన్న వరదలకు ఏటి అడుగు చెదరకుండ కాపాడును.

ఇందులోనికి ప్లాస్టిక్ వచ్చి చేరినది

దాని బరువును చూడుడు. నీటి బరువును 1గా తీసుకొనినచో అంతే పరిమాణముగల పలుగురాతి ఇసుక బరువు 2.65. నైలాను 1.14, మంచినీళ్ల సీసాలు చేయు ప్లాస్టిక్ సుమారు 1.38, పి.వి.సి. గొట్టము సుమారు 1.4. మల్చింగు షీటు, డ్రిప్పు గొట్టములు చేయు పాలిథీను, ఎరువుల బస్తాలు అల్లు పాలిప్రొపిలీను 1 కంటె కొంచెము తక్కువ. అనగా నీటిపై తేలవలసినవి.

తేలవలసినది అడుగునకు ఎట్లు పోవును అని మీరడుగవచ్చును. పైన చెప్పిన పాకుడే దానిపైనను పెరుగును. మట్టి ఆ జిగురుకు అంటుకొనును. బరువు హెచ్చి ముక్క మునుగును. పోగులు మట్టి ముద్దలలో చిక్కి వానితోపాటు దిగును. నీరు ఇసుక సందులలోనికి దిగుచున్నప్పుడు మిక్కిలి సన్నని నలుసులు దానితో లోపలికి పోవును. ఈ విధముగా ఏటి అడుగు ప్లాస్టిక్‌కు ఒక గాదె యగుచున్నది.

ఇక కోత సంగతి. తూర్పారబట్టునప్పుడు చేటలోనుండి గింజ నేరుగా క్రిందికి పడును, తాలు గాలికి ముందుకు పోవును. ఏటి అడుగున నీరు చేయునది ఇదియే. వేగము హెచ్చగానే ఇసుక కంటె ముందుగా ప్లాస్టిక్ రేణువు లేచును. రాళ్ల చాటున దాగినది కొంత ఆలస్యముగా, పైకి పొడుచుకొని ఉన్నది వెంటనే లేచును. అది లేచిన చోట చిన్న గుంట ఏర్పడి, చుట్టునున్న ఇసుక రేణువుల చాటు పోవును. కవరు ముక్క అయినచో మరొక చిత్రము జరుగును. కొంత పూడి, కొంత పైకి లేచి రెపరెపలాడు ముక్క అంచున నీరు సుడితిరిగి, వంతెన కాళ్ల వద్ద గుంట పడినట్లే, ఆ ప్రక్క ఇసుకను తోడివేయును. ముక్క క్రింద ఇసుక మాత్రము దానిచేత కప్పబడి నిలుచును; ముక్క ఊడిన రోజున అదియు ఒక్కసారిగా పోవును.

ఇది ఊహ మాత్రమే కాదు. ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు పొడవాటి తొట్టెలో ఇసుక పరచి, నీరు పారించి, అందులో ప్లాస్టిక్ ముక్కలు కలిపి చేసిన పరీక్షల ఫలితములను 2023లో ప్రకటించిరి. మామూలుగా పారు నీటి క్రింద ఇసుక అలలవలె వరుసగా తిన్నెలు కట్టును. ప్లాస్టిక్ చేరినప్పుడు ఈ తిన్నెల వరుస చెడినది, అడుగు ఎగుడుదిగుడులు హెచ్చినవి, అక్కడక్కడ కోత కలిగినది, మామూలు కంటె ఎక్కువ ఇసుక నీటిలోనికి లేచినది.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలసి ఉన్నది. ప్లాస్టిక్ అంతటను కోతను హెచ్చించునని అనుకొనరాదు. గోడకు వాడు మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపినట్లు, బంకమట్టిలో చిక్కిన పోగులు దానిని కొంత పట్టి ఉంచవచ్చును. పైగా మొత్తము ఒండ్రులో ప్లాస్టిక్ పాలు బరువున స్వల్పమే. మీ ఊరి ఏటిగట్టు విరిగిపడుచున్నదన్న ముందు అడుగవలసిన ప్రశ్న అక్కడ ఇసుక ఎంత లోతుగా తవ్వుచున్నారు అని. కృష్ణలోను, గోదావరిలోను ఎగువ జలాశయములలో ఒండ్రు ఆగిపోవుట వలన దిగువకు వచ్చు మట్టి తగ్గుట రెండవ కారణము. ఈ రెండింటిని వదలి నేరము ప్లాస్టిక్‌పై మోపుట సరికాదు. రైతునకు ప్లాస్టిక్ వలన కలుగు ముఖ్యమైన చిక్కు వేరు. అడుగున నిలువయైనది అక్కడనే ఉండదు. కోతతో లేచి, ఒండ్రు పోవు చోటికెల్ల పోవును. ఒండ్రు మన పొలమునకే గదా వచ్చును.

మాంచెస్టరు నదుల అనుభవము

ఏటి అడుగు ఎంత దాచుకొనునో, వరద ఎంత తోడుకొని పోవునో లెక్కకట్టి చూచిన ప్రదేశము ఇంగ్లాండులోని మాంచెస్టరు ప్రాంతము. అది పాత నూలుమిల్లుల పట్టణము. దాని చుట్టునున్న మెర్సీ, ఇర్వెల్ నదుల పరీవాహకములో రేచల్ హర్లీ, జేమీ వుడ్‌వర్డ్, జేమ్స్ రాత్‌వెల్ అను మాంచెస్టరు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 40 చోట్ల నది అడుగు మట్టిని తీసి పరీక్షించి, ఫలితములను 2018లో ప్రకటించిరి. అన్ని చోట్లను సూక్ష్మ ప్లాస్టిక్ ఉన్నది. టేమ్ అను చిన్న నదిలో ఒకచోట చదరపు మీటరు అడుగున 5 లక్షలకు పైగా రేణువులు లెక్కకు వచ్చినవి.

2015–16 చలికాలములో ఆ ప్రాంతమున పెద్ద వరదలు వచ్చినవి. వరదల తరువాత అవే చోట్ల మరల మట్టి తీసి చూడగా, అడుగున నిలువయున్న ప్లాస్టిక్‌లో సుమారు 70 శాతము కొట్టుకొని పోయినది. తూకములో అది ఒక టన్నుకు లోపే, సుమారు 0.85 టన్ను, లెక్కలో మాత్రము సుమారు 4,300 కోట్ల రేణువులు. గాదెలో దాచినదానిలో ఎక్కువ భాగము ఒక్క కోతలో వెళ్లిపోయినది.

అదే విశ్వవిద్యాలయము వారు 2021లో ప్రకటించిన మరొక పరిశోధన మనకు ఇంకను పనికివచ్చునది. వరద రోజులలో నదిలోనికి వచ్చిన ప్లాస్టిక్ నిలువక దిగువకు పోవును. ఎండకాలములో, నీరు సన్నగా పారునప్పుడు, శుద్ధి చేయని మురుగునీరు వదలినచో అందులోని ప్లాస్టిక్ అక్కడికక్కడ అడుగున దిగును. అడుగు ఎక్కువగా చెడుటకు కారణము ఈ రెండవదే అని వారు చూపిరి.

ఈ సంగతిని మన కాలువలకు అన్వయించి చూడుడు. డెల్టా కాలువలు వేసవిలో కట్టివేయుదురు. విజయవాడ నడుమగా పోవు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు గాని, ప్రతి ఊరి పంటకాలువ గాని, నీరు లేని ఆ రోజులలో చెత్త పారవేయు స్థలములుగా మారుచున్నవి. మురుగు వచ్చి నిలుచును, ఎండకు సంచులు పెళుసెక్కి చితుకును. జూనులో నీరు వదలగానే ఆ మొదటి నీటి జోరుకు కాలువ అడుగున ఉన్నదంతయు లేచును. పిల్లకాలువలలోనికి, బోదెలలోనికి, నారుమడులలోనికి పోవు నీరు ఆ మొదటి నీరే. వేగము తగ్గు శివారు భూములలో అది మరల దిగును. శివారు రైతునకు నీరు చివరగా చేరును, చెత్త మాత్రము లోటు లేకుండ చేరును. హైదరాబాదు దిగువన మూసీ నీటితో గడ్డి, వరి పండించు రైతుల సంగతి ఇంకను కఠినము; అక్కడ పట్టణపు మురుగు సంవత్సరము పొడుగునను పారుచున్నది.

పొలములో చేరిన తరువాత

ఇసుకను పట్టి ఉంచునట్టి చాటు, అంటు, జిగురు అనునవే మీ పొలపు మట్టి కట్టును కూడ నిలుపుచున్నవి. 2018లో బెర్లినులో జరిగిన ప్రయోగములలో పాలియెస్టరు పోగులు కలిపిన మట్టి గుల్లబారి, అది నీటిని పట్టు తీరు, మట్టిగడ్డల కట్టు మారినట్లు కనుగొనిరి. వానపాములు నలుసులను బొరియల వెంట లోపలికి మోయును. ఒకసారి దుక్కిలో కలిసిన నలుసును ఏరివేయు పనిముట్టు ఏదియు లేదు. అందుచేత రాకుండ చూచుకొనుటయే మార్గము.

వరి పండించు దేశములలో జపాను అనుభవము గమనింపదగినది. అక్కడ మెల్లగా కరగుటకై ప్లాస్టిక్ పూత పూసిన ఎరువులను వరికి వాడుచు వచ్చిరి. ఎరువు కరగిన తరువాత మిగిలిన ఖాళీ పొట్టు దమ్ము చేయునప్పుడు నీటిపైకి తేలి, మడినుండి మురుగు కాలువకు, అక్కడనుండి ఏటికి, సముద్రమునకు పోవుచున్నదని గుర్తించి, 2030 నాటికి ఇట్టి పొట్టునకు స్వస్తి చెప్పవలెనని 2022లో ఆ దేశపు ఎరువుల రంగమువారు ప్రకటించిరి. మన వేపపూత యూరియాకు ఈ దోషము లేదు; అది నూనె పూత.

కాని మనము నిర్దోషులమని చెప్పుటకు వీలులేదు. పట్టణపు మురుగును నిందించు రైతు తన చేని గట్టున పడియున్న షీటు ముక్కలను కూడ చూడవలెను. టమాట, మిరప, పుచ్చ తోటలలో మల్చింగు షీటు వలన నీటి ఆదా, కలుపు నివారణ కలుగుట నిజము. దాని వాడకమును మా శాఖయే ప్రోత్సహించినది, ఇక ముందును ప్రోత్సహించును. అయితే పంట తీసిన తరువాత షీటు తీయక రోటవేటరు తోలుట మాత్రము మానవలెను. అట్లు తోలిన ఒక్క పూటలో షీటు వేలకొలది ముక్కలగును. చైనాలో కొన్ని ప్రాంతములలో ఇట్లు మిగిలిన షీటు పొలములలో పేరుకొనిపోగా, ఆ ప్రభుత్వము 2017లో ప్రమాణములు సవరించి, షీటు మందము 0.008 మిల్లీమీటరు నుండి కనీసము 0.010 మిల్లీమీటరునకు పెంచినది. పలుచని షీటు చవుక, కాని చేతికి ఊడి రాదు, చినుగును. షీటు కొనునప్పుడు వెలతోపాటు ఇదియు ఆలోచింపుడు.

షీటు తీయుటకు నేల స్వల్పముగా తడిగా ఉన్నప్పుడు అనుకూలము. మొదళ్లు కోసివేసి, అంచులపై మట్టిని పారతో వదులుచేసి, ఒక కొసనుండి చుట్టుకొనుచు పోవలెను. డ్రిప్పు గొట్టములను ముందుగా వేరుచేయవలెను. ఎండి గట్టిపడిన నేలలో లాగినచో సగము లోపలనే మిగులును. తీసినదానిని కాల్చవలదు, గోతిలో పూడ్చవలదు, మురుగు కాలువ గట్టున కుప్పవేయవలదు. చుట్టలు కట్టి నీడను భద్రపరచి, పాత ప్లాస్టిక్ కొనువారికి ఇయ్యవలెను.

ఎరువుల బస్తాలను గురించి గ్రామాధికారులకు, నీటి సంఘముల వారికి ఒక మనవి. గండి పడినప్పుడు చేతికి దొరకిన బస్తాలో ఇసుక నింపి వేయుట తప్పదు. అది ఆపద్ధర్మము. కాని వరద తగ్గిన తరువాత ఆ బస్తాలను అట్లే వదలివేయుచున్నాము. పాలిప్రొపిలీను బస్తా ఎండలో కొన్ని నెలలకే పెళుసెక్కి, వ్రేలితో రుద్దినను దారములుగా రాలును. మరుసటి నీటికి ఇసుకయు పోవును, దారములును పోవును; గట్టు బలహీనము, కాలువకు ప్లాస్టిక్. గట్టును మట్టితో దిమ్మిస చేయించి గరిక పెంచిన వెంటనే పైకి కనబడు బస్తాలను తీయించవలెను. గట్టునకు కప్పుగా ఏదైన వేయవలసియున్నచో గోనె పట్టా గాని, కొబ్బరి పీచు చాప గాని మేలు.

కాలువ శుభ్రపరచు వేళను గురించియు చెప్పవలెను. నీరు వదలిన తరువాత తూముల వద్ద చెత్త ఏరుటకు లస్కర్లు పడు శ్రమలో సగము, నీరు వదలుటకు పది రోజులు ముందుగా పడినచో ఫలితము అనేక రెట్లు ఉండును. కాలువ ఎండియున్నప్పుడు సంచి సంచిగా చేతికి వచ్చునది, మొదటి నీటికి చినిగి ఎవరి చేతికిని రాదు. ఏరిన చెత్తను గట్టుపైననే వదలినచో మొదటి వానకు అది తిరిగి కాలువలోనికే దిగును. బండిపై తరలించుటకు కూడ ఏర్పాటు చేసికొనవలెను.

చెరువు మట్టి తోలుకొనువారికి

పూడిక మట్టి పొలమునకు బలమని మన పెద్దలకు తెలియును. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ ప్రారంభమైన తరువాత ఈ మట్టి తోలకము విస్తారముగా జరిగినది. మట్టి తోలుట మానుమని నా సలహా కాదు. అయితే ఊరి మురుగు చేరు చెరువయినచో ముందుగా ఒక చిన్న పరీక్ష చేసికొనుడు. విత్తనపు వడ్లను ఉప్పునీటిలో వేసి తాలు తీయుట మీకు అలవాటే, ఇదియు అట్టిదే.

ఒక లీటరు నీటిలో సుమారు 350 గ్రాముల కల్లుప్పు వేసి, కరగువరకు కలిపి, గుడ్డలో వడగట్టుడు. ఆరబెట్టి నలిపిన చెరువు మట్టి రెండు గుప్పెళ్లు గాజు సీసాలో వేసి ఈ ఉప్పునీరు నిండుగా పోసి, కర్రతో బాగుగా కలిపి ఒక రాత్రి కదల్చక ఉంచుడు. మట్టి, ఇసుక దిగును. పాలిథీను, బస్తా దారములు, నైలాను పైకి తేలును. పి.వి.సి., నీళ్ల సీసాల ముక్కలు మాత్రము ఇంత ఉప్పునకును తేలవు. తేలిన దానిలో వేళ్లు, ఆకు నలుసులు కూడ ఉండును. వానిని వేరుపరచుటకు తేలినది తెల్ల గుడ్డపై వడగట్టి, ఆరిన తరువాత భూతద్దముతో చూచుచు, కాల్చిన సూదిమొనను ఒక్కొక్క నలుసునకు తాకించుడు. ముడుచుకొనినది లేక కరగి సూదికి అంటినది ప్లాస్టిక్. ఆకు ముక్క మాడును గాని కరగదు.

చెరువులో మురుగు కాలువ కలియు మూలనుండి, తూము దగ్గరనుండి, నడుమనుండి మూడు నమూనాలు వేరువేరుగా పరీక్షించుడు. మురుగు కలియు మూలలో సాధారణముగా ఎక్కువ కనబడును, ఏలయనగా వేగము తగ్గి బరువు దిగు మొదటి చోటు అదియే. అట్టి మూలనుండి మట్టి తోలుకొనవలదు. మిగిలిన చోట్ల పై జానెడు మట్టిని ప్రక్కకు తీయించి, దాని దిగువ మట్టిని తీసికొనుడు. క్రింది పొర ప్లాస్టిక్ విరివిగా రాని కాలపు ఒండ్రు అగుటచే సాధారణముగా శుభ్రముగా ఉండును. ప్రక్కకు తీసిన పై మట్టిని చెరువునకు నీరు తెచ్చు వాగు గట్టున మాత్రము పోయవలదు.